నాయకునకు కావలసిన ఇంగితజ్ఞత

శంషాబాదునుండి నగరమునకు పోవు త్రోవలో, ఆరాంఘర్ చౌరస్తాకు సమీపమున శివరాంపల్లి కలదు. నేడు దానిని పలువురు పోలీసు అకాడమీని బట్టి గుర్తింతురు. 1951 ఏప్రిల్ నెలలో అచ్చట సర్వోదయ సమ్మేళనము జరిగెను. వినోబా భావే వార్ధా సమీపమునందలి పవనార్ ఆశ్రమమునుండి సుమారు 300 మైళ్లు కాలినడకన దానికి వచ్చెను. రైలెక్కినచో శీఘ్రముగా చేరవచ్చును. ఆయనకు నెలదినములు పట్టెను. త్రోవలోని పల్లెలలో ఆగుచు, జనుల కష్టసుఖములు వినుచు వచ్చెను. పిదప జరిగిన దానికి ఈ నెలయే పునాది.

ఎదుటివాని మనసు గ్రహించుటను పెద్దలు ఇంగితజ్ఞత యనిరి. చేష్టలచేతను ముఖముచేతను బయలుపడు లోని భావమే ఇంగితము. విభీషణుడు శరణు వేడి వచ్చినపుడు సుగ్రీవాదులు శంకించిరి. హనుమంతుడు అతని కంఠస్వరమును, ముఖమును గమనించి, దుష్టభావము కానరాదనెను. రాముడు అందరి మాటయు విన్న పిమ్మటనే అభయమిచ్చెను. తీర్పు ముందు, వినుట వెనుకయైన పంచాయతీలు ఎట్లు ముగియునో మన గ్రామములవారికి చెప్పనక్కరలేదు.

సమ్మేళనానంతరము వినోబా తెలంగాణమున పాదయాత్రకు బయలుదేరెను. సాయుధ పోరాటము మొదలై అప్పటికి ఐదేండ్లు కావచ్చెను. భూస్వామికి రైతులన్న భయము, రైతునకు పోలీసులన్న భయము. శ్రీరామనవమినాడు ఆయన హైదరాబాదు చెరసాలకు పోయి కమ్యూనిస్టు ఖైదీలను చూచెను. ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళితవాడకు పోయి, వారికేమి కావలయునో వారినే యడిగెను. 40 కుటుంబములవారు తమకు 80 ఎకరములు చాలుననిరి. సర్కారునకు వ్రాసెదనని చెప్పి సాగిపోయినను ఆయనను తప్పుపట్టువారు లేరు. కాని ఆయన గ్రామస్థులవైపు తిరిగి, సర్కారు భూమి దొరకుట ఆలస్యమైనచో మీరేమైన చేయగలరా యని యడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములిత్తునని పలికెను.

ఆ ప్రశ్నలో నింద లేదు, బెదిరింపు లేదు. కలవానిని పదిమందిలో దోషిగా నిలిపినచో అతని పిడికిలి మరింత బిగిసియుండును. లేనివారినిగూడ ఆయన యాచకులను చేయలేదు. ఎంత కావలయునో వారే లెక్కగట్టి చెప్పిరి.

అయినను భూదానచరిత్ర అంతయు ఈ సాయంకాలమువంటిది కాదు. తరువాత దానముగా వచ్చిన భూములలో రాతినేలలు, తగవుల నేలలు అనేకములు. కొన్ని పేదలకు చేరలేదు, చేరినవానిలో కొన్ని చేయిజారినవి. 1965లో భూదాన, గ్రామదాన చట్టము వచ్చినను వ్యాజ్యములు ఆగలేదు. కరిగిన హృదయము ఒక్క మాటతో నూరెకరములిచ్చును. హద్దులు కొలిచి, పహాణీలో పేరెక్కించి, పట్టా చేతికిచ్చువరకు ఆ మాట గాలిలోనిదే. ఆ కాగితములు చూచు చిన్నయుద్యోగికిని ఇంగితజ్ఞత కావలయును. చావడి గుమ్మమువద్ద నిలిచి, లోనికి రాజంకుచున్నవానిని పేరుపెట్టి పిలువవలయును.

ఇచ్చుట ఒకటి, పోగొట్టుకొనుట మరొకటి. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరువబడుటకు ముందు దానికొరకు వేల ఎకరములు సేకరింపబడెను. ఎకరమున కింతయని ధర కట్టుట గణితము తెలిసిన యెవరికైనను సాధ్యమే. తాత త్రవ్వించిన బావిని విడిచిపోవు ముదుసలి చెంత, కాగితము ప్రక్కన పెట్టి, అతడు చెప్పునది ముగియువరకు కూర్చుండువాడు ఆ పల్లెకు నాయకుడు.