మంచాలు మళ్లీ వాకిట్లోకి



ఎండాకాలం రాత్రి పాలమూరు పల్లెల్లో మంచాలు వాకిట్లోకి వస్తాయి. 2018లో గద్వాల వైపు కొన్ని ఊళ్లలో అవి రాలేదు. ఉక్కపోతలోనూ జనం లోపల గడియ పెట్టుకుని పడుకున్నారు.

కారణం వాట్సాప్. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందంటూ వీడియోలు ఫోన్ నుంచి ఫోన్‌కు పాకాయి. ఎక్కడివో, ఎప్పటివో ఎవరికీ తెలియదు. భయపడ్డ ఊరికి కొత్త మనిషి ఎవరైనా దొంగలాగే కనిపిస్తాడు. అదే ఏడాది దేశంలో చాలాచోట్ల అలాంటి పుకార్లకు అమాయకులు బలయ్యారు.

అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి. ఆమె ఊరికో పోలీసును కేటాయించారు. వాళ్లు గడప గడపకూ వెళ్లారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. డప్పు కొట్టి, పాట కట్టి, అదంతా అబద్ధమని చెప్పారు. ఆ పుకారుకు అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇప్పుడు భయం వేషం మార్చింది. మీ మీద కేసుంది, డిజిటల్ అరెస్టు చేస్తున్నాం, డబ్బు కట్టండి అంటూ దొంగ పోలీసుల వీడియో కాల్ వస్తుంది. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. మళ్లీ వినండి, లేనే లేదు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మూడూ చెప్పండి. బెదిరించే ఫోన్ వస్తే పెట్టేయాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. నిజమో కాదో తెలియని వీడియో ఇంకొకరికి పంపకూడదు.

డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బును బ్యాంకులో ఆపించే వీలు అంత ఎక్కువ. ఆ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.