మూకీ సినిమాల్లో అల్లరి పిల్లలు
(సీతాఫల్‌మండిలో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం, లైఫ్ సర్టిఫికెట్, వైద్య ఖర్చుల బిల్లులు - ఈ మూడూ అయిన తర్వాతే మరో మాట. ఈసారి ప్రత్యేక సంచికలో వేసుకోవడానికి కాస్త నవ్వుకునే విషయం చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. అందుకని మూకీ సినిమాల కాలంలో అల్లరి పిల్లల మీద వచ్చిన పొట్టి హాస్య చిత్రాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నవ్వుతో మొదలుపెట్టినా ఈ కథ చివరికి మన ప్రావిడెంట్ ఫండు దగ్గరికే వచ్చి ఆగుతుంది. కాబట్టి సంఘం పరిధి దాటి మాట్లాడానని ఎవరూ అనుకోనక్కరలేదు.

సినిమా పుట్టుకలోనే పిల్లవాడి అల్లరి ఉంది. 1895లో ఫ్రాన్సు దేశంలో లూమియేర్ సోదరులు ఒక నిమిషం కూడా నిడివి లేని చిత్రం ఒకటి తీశారు. తోటమాలి గొట్టంతో మొక్కలకు నీళ్లు పెడుతుంటాడు. వెనకనుంచి ఒక కుర్రాడు వచ్చి గొట్టం మీద కాలు వేసి తొక్కుతాడు. నీళ్లు ఆగిపోతాయి. ఏమైందా అని మాలి గొట్టం మొన మొహం దగ్గర పెట్టుకుని చూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు. తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పనక్కరలేదు. వీపు మీద రెండు దెబ్బలతో కథ సమాప్తం. ప్రపంచంలో మొట్టమొదటి హాస్య చిత్రంగా దీన్నే చెప్పుకుంటారు. మాట లేదు, పాట లేదు. అయినా ఏ దేశం వాడు చూసినా నవ్వుతాడు. ఎందుకంటే ఆ కుర్రాడు ప్రతి వీధిలోనూ ఉన్నాడు.

ఈ అల్లరిని ఒక పరిశ్రమగా మార్చినవాడు అమెరికాలో హాల్ రోచ్ అనే నిర్మాత. తన ఆఫీసు కిటికీలోంచి చూస్తే కొందరు పిల్లలు కర్రముక్కల కోసం కొట్లాడుకుంటూ కనిపించారనీ, పని మరచిపోయి చాలాసేపు అదే చూస్తూ ఉండిపోయాననీ, అక్కడే తనకీ ఆలోచన పుట్టిందనీ ఆయన తర్వాతి కాలంలో చెప్పుకునేవాడు. ముద్దు మాటలు నేర్పించి, జుట్టు దువ్వి, పౌడరు రాసి నిలబెట్టిన పిల్లలు కాక, మామూలు పిల్లలు మామూలుగా ఉంటే చాలునని ఆయన గ్రహించాడు. 1922లో 'అవర్ గ్యాంగ్' పేరుతో ఈ వరస మొదలైంది. అంటే మన ముఠా అన్నమాట. 1944 వరకు 220 పొట్టి చిత్రాలు వచ్చాయి. మూకీల రోజుల్లో ఇవి ఎక్కువగా రెండు రీళ్లవి, ఇరవై నిమిషాలకు అటూ ఇటూ. అసలు సినిమాకు ముందు వేసేవారు.

ఆ ముఠాలో మొహమంతా మచ్చలున్న మిక్కీ డేనియల్స్, బొద్దుగా ఉండే జో కాబ్, బంగారు జుట్టు మేరీ కోర్న్‌మన్, నల్లజాతి పిల్లలు ఎర్నీ మోరిసన్, ఫరీనా అని పిలవబడే అలెన్ హాస్కిన్స్ ఉండేవారు. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ బడులు వేరు, రైలు పెట్టెలు వేరుగా ఉన్న రాష్ట్రాలు అమెరికాలో చాలా ఉన్న రోజులవి. ఆ రోజుల్లో ఈ పిల్లలు ఒకే ముఠాగా కలిసి ఆడుకోవడం తెర మీద కనిపించింది. అలాగని అంతా బాగుందని చెప్పడం సత్యం కాదు. నల్లపిల్లల మీద వేసిన వెటకారాలు కొన్ని ఇప్పుడు చూస్తే మనసుకు కష్టంగా ఉంటాయి. రెండూ నిజమే. రెండూ చెప్పుకోవాలి.

మూకీ కావడం వల్ల ఈ చిత్రాలకు ఒక పెద్ద సౌకర్యం కలిగింది. శబ్దం రికార్డు కాదు గనుక, కెమెరా తిరుగుతుండగానే డైరెక్టరు పక్కన నిలబడి "అటు చూడు, ఇప్పుడు పరుగెత్తు, అదిగో కుక్క" అని పిల్లలకు చెప్పుకుంటూ పోవచ్చు. మొదటి రోజుల్లో ఈ చిత్రాలు తీసిన రాబర్ట్ మెక్‌గోవన్ ఇందులో నేర్పరి. పిల్లలు సంభాషణలు బట్టీ పట్టవలసిన పని లేదు. సన్నివేశాన్ని ఆటలాగా చెబితే వాళ్లు ఆడుకుంటూ పోయేవారు. 1929లో ఈ ముఠా మాట్లాడడం మొదలుపెట్టింది. దాంతో డైరెక్టరు నోరు మూసుకోవలసి వచ్చింది. పిల్లలు పాఠం అప్పజెప్పవలసి వచ్చింది.

ఇక మన దేశం సంగతి. ఆ రోజుల్లో మన హాళ్లలో ఆడే చిత్రాల్లో అధిక భాగం అమెరికావే. దివాన్ బహదూర్ రంగాచారి అధ్యక్షతన 1927-28లో పనిచేసిన ప్రభుత్వ కమిటీ ఈ విషయం తేల్చింది. మన నిర్మాతలకు మాత్రం పిల్లవాడు అంటే పురాణాల్లోని పిల్లవాడే. 1913లో ఫాల్కేగారి 'రాజా హరిశ్చంద్ర'లో లోహితాస్యుడుగా ఆయన కొడుకే వేశాడు. 1919లో వచ్చిన 'కాళీయ మర్దన్'లో చిన్నికృష్ణుడుగా ఆయన కూతురు మందాకిని వేసింది. ఆ చిత్రం చూస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. దేవుడి కథే అయినా చాలా భాగం వెన్న దొంగతనాలు, స్నేహితుల ముఠా, ఇరుగుపొరుగు అమ్మల ఫిర్యాదులు. హాల్ రోచ్ ముఠా పుట్టడానికి మూడేళ్ల ముందే మన గోపబాలుర ముఠా తెరకెక్కింది. మనకు అల్లరి కొత్తది కాదు. భాగవతంలోనే ఉంది. కాకపోతే అల్లరి చేయడానికి మన పిల్లవాడికి దైవాంశ అనే లైసెన్సు కావలసి వచ్చింది.

మన తెలుగువారి విషయానికి వస్తే, మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో సినిమా హాళ్లు కట్టి, 1921లో కుమారుడు ప్రకాష్ చేత 'భీష్మ ప్రతిజ్ఞ' తీయించారు. ఆ చిత్రం ఇవాళ మనకు లేదు. కాకినాడలో చిత్తజల్లు పుల్లయ్యగారు మూకీల రోజుల్లో 'మార్కండేయ' తీశారు. అక్కడా కథానాయకుడు పిల్లవాడే, కాని అల్లరివాడు కాదు, యముణ్ణి ఎదిరించిన భక్తుడు. మన హైదరాబాదుకూ మూకీల చరిత్ర ఉంది. కలకత్తా నుంచి వచ్చిన ధీరేంద్రనాథ్ గంగూలీగారు 1922లో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి 'లేడీ టీచర్' వంటి చిత్రాలు తీశారు. హాస్యంలో ఆయనది అందె వేసిన చెయ్యి. 1924లో 'రజియా బేగం' ప్రదర్శించినందుకు నిజాం ప్రభువుకు కోపం వచ్చి ఆయన ఊరు విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ కంపెనీ మరికొన్నేళ్లు సాగి ఉంటే చిలకలగూడ, వారాసిగూడ పిల్లల అల్లరి కూడా తెరకెక్కి ఉండేదేమోనని నాకొక చిన్న ఆశ. ఊహకు పన్ను లేదు గదా.

మాటలు వచ్చాక కూడా మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' పిల్లవాడి కథే. ప్రహ్లాదుడుగా సింధూరి కృష్ణారావు వేశాడు. అదే చిత్రంలో చండామార్కుల బడిలో మొద్దబ్బాయిగా వేసి నవ్వించిన యువకుడు ఎల్.వి. ప్రసాద్‌గారు. ఆ మొద్దబ్బాయే తర్వాత మహా దర్శకుడై, 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు పొందారు. మన కళ్లకు శుక్లాలు వచ్చినప్పుడు మనం తలచుకునే కంటి ఆసుపత్రి కూడా ఆయన పేరు మీదనే ఉంది. బడిలో వెనక బెంచీ వారిని తక్కువ అంచనా వేయకూడదనడానికి ఇంతకన్న నిదర్శనం వద్దు.

1936లో పుల్లయ్యగారు మొత్తం పిల్లలతోనే 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' తీసి రెండూ కలిపి ఒకే ఆటగా విడుదల చేశారు. అనసూయగా వేసిన బాలిక సి. కృష్ణవేణిగారు. ఆమె తర్వాత నిర్మాతగా 1949లో 'మనదేశం' తీసి ఎన్.టి. రామారావుగారిని తెరకు పరిచయం చేశారు. నూరేళ్లు నిండిన జీవితం గడిపి 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 1954లో కె.ఎస్. ప్రకాశరావుగారు 'కొంటె కిష్టయ్య' వంటి పొట్టి కథలను కలిపి 'బాలానందం' తీశారు. హాల్ రోచ్ పద్ధతికి మన భాషలో దగ్గరి చుట్టం ఇదే అనవచ్చు. ఆ తర్వాత ముళ్లపూడి వెంకటరమణగారు రాసి, బాపుగారు బొమ్మలు వేసిన బుడుగు వచ్చాడు. వాడితో మన తెలుగు పిల్లవాడికి దైవాంశ అవసరం లేకుండానే అల్లరి చేసే హక్కు దక్కింది.

ఇప్పుడు ప్రావిడెంట్ ఫండు దగ్గరికి వస్తున్నాను. 1921లో చార్లీ చాప్లిన్ 'ది కిడ్' అనే మూకీ తీశాడు. అందులో కిటికీ అద్దాలు రాళ్లతో పగలగొట్టే చిన్నవాడు జాకీ కూగన్. వాడు పగలగొట్టి పోతే, వెనకాలే అద్దాలు బిగించే చాప్లిన్ వచ్చి బేరం చేసుకుంటాడు. ఆ బాలుడు పెద్దవాడయ్యే లోపల 30, 40 లక్షల డాలర్లు సంపాదించాడని అంచనా. 21 ఏళ్లు వచ్చాక నా డబ్బు ఏదని అడిగితే తల్లీ, మారుతండ్రీ చేతులెత్తేశారు. చట్టం ప్రకారం మైనరు సంపాదన తల్లిదండ్రులదే. 1938లో కోర్టుకెక్కితే చివరికి చేతికొచ్చింది 1,26,000 డాలర్లు. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనలో కొంత భాగం విడిగా దాచాలని చట్టం వచ్చింది. దాన్ని ఇప్పటికీ కూగన్ చట్టమనే అంటారు. అందులోని లొసుగులు పూడ్చి, కనీసం 15 శాతం తప్పక జమ చేయాలన్న నియమం 2000లో గాని రాలేదు.

'అవర్ గ్యాంగ్' పిల్లల సంగతీ అంతే. 1955 నుంచి ఆ పొట్టి చిత్రాలను టెలివిజన్‌లో మళ్లీ మళ్లీ వేసి ఎవరెవరో లాభం గడించారు. అందులో ఆడిన పిల్లలకు మాత్రం పైసా రాలేదు. ఫరీనాగా వందకు పైగా చిత్రాల్లో నవ్వించిన అలెన్ హాస్కిన్స్ సినిమా వదిలి, వికలాంగులకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం చేసుకుని గౌరవంగా బతికాడు. సర్వీసు చేసినవాడికి పెన్షన్ లేకపోతే ఎలా ఉంటుందో ఈ సభలో ఉన్నవారికి నేను వివరించనక్కరలేదు.

మన దేశంలో ఈ విషయం మీద స్పష్టమైన నిబంధనలు 2017లో వచ్చాయి. బాలనటుల చేత రోజుకు 5 గంటలకు మించి పనిచేయించరాదు. విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటరాదు. వరసగా 27 రోజులకు మించి పని ఉండరాదు. చదువు ఆగరాదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లవాడి పేరున జాతీయ బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేయాలి, మేజరయ్యాక వాడికే చెందాలి.

ఇదంతా సినిమా వాళ్ల గొడవ, మనకెందుకు అంటారేమో. ఇవాళ ప్రతి ఇంట్లోనూ ఒక స్టూడియో ఉంది. అది మన చేతిలో ఉన్న సెల్‌ఫోను. మనవడు పప్పు గిన్నె నెత్తిన బోర్లించుకుంటే, ఎత్తుకుని కడగడం కన్న ముందు వీడియో తీస్తున్నాం. అది ఊరంతా చూస్తోంది. కొన్ని ఇళ్లలో దానికి డబ్బు కూడా వస్తోంది. అప్పుడు "మళ్లీ ఒకసారి బోర్లించుకో నాన్నా, సరిగా రాలేదు" అంటారు. ఆ క్షణంలో అల్లరి పోయి ఉద్యోగం మొదలైంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇలాంటి వీడియోల సంపాదనలో పిల్లలకు వాటా దాచాలని 2024 జూలై నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. మన దగ్గర చట్టం ఉన్నా లేకపోయినా, తాతయ్యలూ అమ్మమ్మలూ ఉన్నారు గదా.

అందుచేత మన సభ్యులకు నా మనవి మూడు మాటలు. మొదటిది, పిల్లల అల్లరిని ముందు కళ్లతో చూడండి, తర్వాత ఫోనుతో చూడవచ్చు. రెండవది, ఏడుస్తున్న పిల్లవాణ్ణి, స్నానం చేస్తున్న పిల్లవాణ్ణి, తప్పు చేసి తలవంచుకున్న పిల్లవాణ్ణి వీడియో తీసి నలుగురికీ పంపకండి. పదేళ్ల తర్వాత వాడి స్నేహితులు దాన్ని చూస్తారు. మూడవది, ఎవరింట్లోనైనా పిల్లల వల్ల రూపాయి వస్తుంటే, వాడి పేరున బ్యాంకు ఖాతా ఉందా అని అడగండి. పిల్లలు, అల్లుళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. పాస్‌బుక్కు చూపించమని అడిగే అలవాటు మనకు ముప్ఫై ఏళ్ల సర్వీసులో వచ్చిందే గదా.

లూమియేర్ కుర్రాడు గొట్టం మీద కాలు వేసి నూట ముప్ఫై ఏళ్లు దాటింది. వాణ్ణి చూసి లోకం ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వులో పిల్లలకు న్యాయంగా రావలసిన వాటా వాళ్లకు అందేలా చూడడం పెద్దల బాధ్యత. మీరందరూ ఆయురారోగ్యాలతో మనవల అల్లరిని చిరకాలం భరిస్తూ ఆనందించాలని కోరుకుంటున్నాను.