ఒక్క జీతము, దీర్ఘవ్యాధి, సంఘ కర్తవ్యము
(శాఖా సర్వసభ్య సమావేశములో ఒక విశ్రాంత లోకో పైలట్ చేసిన ప్రసంగ పాఠము)



ఒక్క జీతముపై ఆరేడుగురు బ్రతికే కుటుంబములు మన రైల్వే కాలనీలలోనూ, తపాలా ఉద్యోగుల ఇండ్లలోనూ అనేకము. ఆ జీతము తెచ్చే మనిషికే దీర్ఘవ్యాధి సోకినపుడు అతడు ముందుగా వైద్యుని వద్దకు వెళ్ళడు, లెక్క వేసుకుంటాడు. తల్లి మందులు, కుమార్తె కళాశాల రుసుము, సొసైటీ అప్పు వాయిదా. ఆ లెక్కలో తన వ్యాధికి చోటు దొరకదు.

నేనూ అట్లే చేశాను. నాకు మధుమేహమున్నదని తెలిసిన తరువాత ఏడాదిపాటు ఆ సంగతి నా భార్యకు సైతము చెప్పలేదు. బయట దుకాణములో మాత్రలు కొని డ్యూటీ పెట్టెలో దాచుకునేవాడిని. ఒక రాత్రి మాత్ర వేసుకొని వేళకు భోజనము చేయలేకపోయాను. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, ముందున్న సిగ్నలు మసకబారింది. "అన్నా, ఎరుపు!" అని సహాయకుడు కేక వేయకున్న ఏమయ్యేదో! నా కుటుంబమును కాపాడుకుంటున్నానన్న భ్రమలో, వెనుక పెట్టెలలోని వందల కుటుంబములను ప్రమాదములోకి నెట్టానని అప్పుడు గ్రహించాను.

ఎందుకు దాచాను? ఎ-1 వైద్య తరగతి పోతే ఉద్యోగమే పోతుందని భయపడ్డాను. నిబంధన అట్లు లేదు. వైద్య కారణముచే తరగతి కోల్పోయినవానికి వేరు ఉద్యోగము చూపవలెను. ఖాళీ లేనిచో సూపర్ న్యూమరరీ పోస్టులో ఉంచవలెను. రన్నింగ్ సిబ్బందికి మూలవేతనమునకు 30 శాతము కలిపి కొత్త వేతనము నిర్ణయించవలెను. మైలేజీ పోతుంది, నిజమే, అన్నము పోదు.

సర్వీసులో ఉండగా వైకల్యము సంభవించినవానిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, 20వ సెక్షను చెప్పుచున్నది. 1995 నాటి చట్టములోనూ ఉన్న ఈ రక్షణను సుప్రీంకోర్టు 2003లో కునాల్ సింగ్ కేసులో నిలబెట్టింది.

అయితే చట్టము అన్నింటినీ తీర్చలేదు. ఏడాదికి జమయ్యే అర్ధవేతన సెలవు 20 రోజులు; వైద్యపత్రముపై కమ్యూట్ చేసుకుంటే పూర్తి జీతముతో దక్కేది 10 రోజులే. దీర్ఘవ్యాధికి ఇది ఏ మూలకు? గ్రామీణ డాక్ సేవకునికైతే ఆ సెలవు నియమావళియే వర్తించదు. ఆ సోదరుని కొరకు పోరాడవలసిన బాధ్యత మనపైనే ఉన్నది.

కనుక నా విన్నపము మూడే మాటలు. వ్యాధిని దాచవద్దు. స్వచ్ఛంద విరమణ కాగితముపై సంతకము పెట్టకముందే శాఖా కార్యదర్శిని కలవండి. తోటివాని ముఖము వాడి ఉంటే, అతడు అడిగేదాకా ఆగక మీరే పలకరించండి. ఆ రాత్రి నన్ను కాపాడినది తోటివాని కేకయే.

సెలవు.