పీహెచ్‌పీ పలకనప్పుడు

వెబ్ సర్వరు మీద పీహెచ్‌పీని నెలకొల్పడం పది నిమిషాల పని అని దానిని గురించి వ్రాసినవారందరూ అంటారు. ఆ మాట అసత్యం కాదు. అయితే పదకొండవ నిమిషంలో తెర తెల్లగా నిలిచిపోయినప్పుడు ఎటు చూడవలెనో చెప్పినవారు తక్కువ. గ్రంథాలయానికో, పాఠశాలకో, చిన్న పత్రికకో వెబ్‌సైటు నెలకొల్పబూనిన యువకులు చాలామంది ఆగిపోయేది అక్కడనే. విసుగెత్తి కనిపించిన అమరికనల్లా మార్చివేస్తారు. ఒక్క దోషం ఉన్న చోట నాలుగు దోషాలు చేరుతవి.

గ్రీన్‌లాండులో పుట్టి కెనడాలో చదువుకొన్న రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన పరిచయపత్రాన్ని ఎవరెవరు చూచిపోతున్నారో తెలిసికొనడానికి వ్రాసుకొన్న చిన్న సాధనాలే ఈ భాషకు మూలం. 1995లో వాటిని అందరికీ ఇచ్చివేసినాడు. ఇజ్రాయిలుకు చెందిన ఆండీ గట్‌మన్స్, జీవ్ సురాస్కీ అనే ఇద్దరు విద్యార్థులు దానిని తిరగవ్రాయగా 1998లో మూడవ కూర్పు వెలువడినది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ పీహెచ్‌పీలో వ్రాసినదే. కనుక ఈ పరికరంతో మన భాషకు గల పొత్తు నిన్నటిది కాదు.

దోషం వెదికే పద్ధతికి నాకు తోచే ఉపమానం మా వృత్తిలోనిదే. స్టూడియోలో మాటలాడినది బయటికి వినిపించకపోతే ఇంజనీరు ముందుగా మైకును విప్పడు. ధ్వని ఎంతవరకు వచ్చినది, ఎక్కడ ఆగినది అని చూస్తాడు. ఇక్కడనూ అంతే. బ్రౌజరు ఒక పుటను అడుగుతుంది. అపాచీయో, ఎన్‌జింక్సో ఆ కోరికను అందుకొంటుంది. అందుకొన్నదానిని పీహెచ్‌పీకి అప్పగిస్తుంది. పీహెచ్‌పీ అవసరమైతే డేటాబేసును అడిగి పుటను తయారుచేసి తిరిగి ఇస్తుంది. నాలుగు మజిలీలు. మజిలీ తెలిసినచో దోషం సగం తెలిసినట్లే.

మొదటి లక్షణం. పుట రావలసిన చోట మనం వ్రాసిన ప్రోగ్రామే అక్షరాలా తెర మీద ప్రత్యక్షమవుతుంది, లేదా ఫైలుగా దిగుమతి అవుతుంది. సర్వరు పీహెచ్‌పీకి అప్పగించకుండానే దానిని పంపివేసినదన్నమాట. ముందుగా చిరునామా చూడండి. అది 'ఫైల్' అనే మాటతో మొదలైనచో మీరు సర్వరును అడగనే లేదు, డిస్కులోని కాగితాన్ని నేరుగా తెరచినారు. చిరునామా సరిగా ఉన్నచో అపాచీలో పీహెచ్‌పీ మాడ్యూలు చేర్చలేదేమో, ఎన్‌జింక్సులో అప్పగింత వాక్యాలు వ్రాయలేదేమో చూడవలెను. కొందరు ప్రోగ్రాము మొదట కోణపు గుర్తు, ప్రశ్నార్థకం మాత్రం పెట్టి 'పీహెచ్‌పీ' అనే అక్షరాలు వదలివేస్తారు. ఆ పొట్టి గుర్తును అంగీకరించని అమరికలో ఆ భాగమంతా అమలు కాకుండా ఉన్నది ఉన్నట్లుగానే బయటికి పోతుంది.

ఈ దోషాన్ని అందరూ కేవలం అసౌకర్యంగా భావిస్తారు. నేను అలా భావించను. ఆ ప్రోగ్రాములో డేటాబేసు రహస్యపదం వ్రాసి ఉన్నచో, పుట అలా బయటపడిన ఆ కొద్ది సేపూ అది లోకమంతా చదువదగిన ప్రకటన. సర్వరును సరిచేసి ఊరుకొంటే చాలదు. ఆ రహస్యపదాన్ని అదే రోజున మార్చితీరవలెను.

రెండవది, తెల్లని తెర. దీనిని చూచి పీహెచ్‌పీ పనిచేయడం లేదనుకొంటారు. చాలా సందర్భాలలో అది పనిచేస్తున్నది, తప్పును పట్టుకొన్నది, అయితే నోరు విప్పవద్దని మనమే కట్టడి చేసినాము. ప్రజలు చూచే సర్వరు కొరకు ఇచ్చే అమరికలో దోషాలను తెర మీద చూపవద్దనీ, చిట్టాలో వ్రాయవలెననీ ఉంటుంది. అది ఉచితమే. కనుక చిట్టా ఫైలు తెరవండి. ఏ ఫైలులో, ఎన్నవ పంక్తిలో తప్పు జరిగినదో అక్కడ సాధారణంగా వ్రాసి ఉంటుంది. దోషాలు చూపుమని ఆ ప్రోగ్రాములోనే ఒక వాక్యం చేర్చి, అయినా ఏమీ కనిపించలేదని ఆశ్చర్యపడేవారు ఉన్నారు. వ్యాకరణ దోషమున్న ప్రోగ్రాములో ఒక్క వాక్యమూ అమలు జరుగదు గదా! చూపుమన్న ఆ వాక్యం మాత్రం ఎట్లా జరుగుతుంది?

ఇక అమరికల ఫైలు సంగతి. దాని పేరు పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ. దిగుమతి చేసే ఫైలు పరిమాణం ఏమీ మార్చనంత వరకు 2 మెగాబైట్లు, మొత్తం పంపదగినది 8 మెగాబైట్లు. గ్రంథాలయం వారు పాత పుస్తకపు ఛాయాచిత్రాలు ఎక్కించబోతే చాలదు. పరిమితి పెంచుతారు, ఫలితం ఉండదు. మళ్ళీ పెంచుతారు. కారణం తరచు ఇది: డెబియన్, ఉబుంటు వంటి వ్యవస్థలలో ఈ ఫైలు ఒక్కటి కాదు. అపాచీకి ఒకటి, ఆజ్ఞాపంక్తికి ఒకటి, ఎఫ్‌పీఎం అనే సేవకు ఒకటి వేరువేరుగా ఉంటవి. కూర్పులు రెండున్నచో ఇవి ఆరు. పీహెచ్‌పీ ఇన్‌ఫో అనే ఒక్క మాటతో చిన్న పుట వ్రాసి బ్రౌజరులో చూచినచో, ఏ ఫైలును నిజంగా చదివినదో అక్కడ తెలుస్తుంది. ఆజ్ఞాపంక్తిలో అడిగి తెలిసికొన్న జవాబు వెబ్ సర్వరుకు వర్తించదు. ఫైలు మార్చిన తరువాత, దానిని చదివే సేవను తిరిగి ప్రారంభించవలెను. ఎన్‌జింక్సును పదిసార్లు ఆపి నడిపినా ప్రయోజనం లేదు, ఆ ఫైలును చదివేది ఎఫ్‌పీఎం గనుక. ఎన్‌జింక్సుకు మళ్ళీ తన స్వంత పరిమితి ఒకటి ఉన్నది. అది 1 మెగాబైటు. దానిని వేరుగా పెంచవలెను. పని చూచుకొన్న వెంటనే ఆ ఇన్‌ఫో పుటను తీసివేయండి. మీ సర్వరు గుట్టంతా అందులో ఉంటుంది.

502 అనే సంఖ్య కనిపించినచో, సర్వరు మేలుకొని ఉన్నది, పీహెచ్‌పీ పిలుపుకు పలకలేదు. ఎఫ్‌పీఎం ఆగిపోయినదేమో మొదట చూడవలెను. నడుస్తూ ఉంటే, ఇద్దరూ కలుసుకొనే సాకెట్టు పేరు సరిపోయినదా అన్నది ప్రశ్న. ఆ పేరులో కూర్పు సంఖ్య ఉండడం కద్దు. 8.1 నుంచి 8.3కు మారినవారు ఎన్‌జింక్సు ఫైలులో పాత పేరే ఉంచివేస్తే, అది ఇల్లు మారినవానిని పాత వాకిట నిలబడి పిలిచినట్లుంటుంది.

పాత ప్రోగ్రాములను కొత్త సర్వరుకు తరలించేవారికి ఒక హెచ్చరిక. 'మైఎస్‌క్యూఎల్ అండర్‌స్కోరు' అని మొదలయ్యే పాత పిలుపులను 2015లో వచ్చిన 7వ కూర్పులోనే తొలగించినారు. ఆ దోషానికి అమరికలలో మందు లేదు, ప్రోగ్రామునే మార్చవలెను.

అనుమతుల విషయంలో ఒక్క మాట. 'అనుమతి లేదు' అని చిట్టాలో కనిపించగానే సంచయమంతటికీ 777 అని వ్రాసివేయడం ఆచారమైపోయినది. యజమానికీ, సమూహానికీ, ఆ యంత్రంలోని తక్కిన అందరికీ సర్వాధికారాలు అని దాని అర్థం. వీధి తలుపు తీసి గొళ్ళెం పారవేయడం కన్న అది మెరుగైన ఉపాయం కాదు. సర్వరు ఏ వాడుకరి పేరుతో నడుస్తున్నదో కనుగొని, వ్రాయక తప్పని ఒకటి రెండు సంచయాలను మాత్రం అతనికి అప్పగించవలెను.

తెలుగు పుటలు నడిపేవారికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణసంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. 'తెలుగు' అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు వెరసి 6 సంకేతాలు, 18 బైట్లు. పీహెచ్‌పీలోని సాధారణమైన కొలత బైట్లనే లెక్కిస్తుంది. శీర్షికను ఇన్ని బైట్ల దగ్గర కత్తిరించుమంటే అక్షరం నడుమ కత్తి పడవచ్చును. 2021లో వచ్చిన 8.1 కూర్పుకు పూర్వం, అలా విరిగిన మాటను పుటలో భద్రంగా చూపే హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ అనే సాధనానికి ఇస్తే, వేరుగా చెప్పనప్పుడు, మొత్తం వాక్యాన్నే శూన్యంగా తిప్పి ఇచ్చేది. ఎంబీస్ట్రింగ్ అనే అనుబంధం సంకేతాలను ఎరుగును. పలు వ్యవస్థలలో దానిని వేరుగా చేర్చుకోవలెను.

డేటాబేసు దగ్గర ప్రమాదం ఇంతకన్న పెద్దది. తెలుగు రావలసిన చోట, తలపై వాలుగీత గల రోమన్ 'ఏ', ప్రక్కన చిన్న సున్న, మళ్ళీ అవే, ఇలా వరుసగా కనిపించినచో దిగులుపడవద్దు. బైట్లు సాధారణంగా క్షేమంగానే ఉంటవి, చదివే పద్ధతి తప్పినది. వట్టి ప్రశ్నార్థకాల వరుస కనిపించినచో ముందుగా దాచిన దానినే పరీక్షించండి. దాచినదీ ప్రశ్నార్థకాలే అయితే, లాటిన్ లిపికి ఏర్పరచిన పట్టికలో తెలుగు పట్టక, ప్రతి సంకేతానికీ ఒక ప్రశ్నార్థకం పడినదన్నమాట. అసలు అక్షరం ఇక అందులో లేదు. వేయి పుస్తకాల పేర్లు అలా ఎక్కించినవారు వేయింటినీ మళ్ళీ ఎక్కించవలసినదే. కనుక పట్టికను యూటీఎఫ్-8 ఎంబీ4గా ఏర్పరచి, పీహెచ్‌పీ నుంచి సంబంధం కలిపిన వెంటనే అదే అక్షర పద్ధతిని ప్రకటించి, మొదట 'తెలుగు' అనే ఒక్క మాట దాచి, తిరిగి తీసి, ఎంబీస్ట్రింగ్‌తో కొలిపించండి. 6 అని వచ్చి, తెర మీద మాట సరిగా కనిపించినచో తక్కిన పుస్తకాలు ఎక్కించవచ్చును.