పాసుపుస్తకంలో పేరు, ఇంట్లో మాట

నెల్లూరు కోర్టుల్లో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తులశమ్మ కేసు తెలుగునాట కంటే దేశంలోని న్యాయ కళాశాలల్లోనే ఎక్కువ మందికి తెలుసు. ఆమె భర్త 1931లో పోయారు. ఉమ్మడి ఆస్తి ఆయన సోదరుడి చేతిలో ఉండిపోయింది. 1944లో తులశమ్మ మనోవర్తి కోసం కోర్టుకెక్కారు. కోర్టు రుసుము కట్టే స్తోమత లేక పాపరు దావా వేశారు. డిక్రీ వచ్చింది. దాన్ని అమలు జరిపించుకునే దశలో, 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకు దక్కింది కానీ దాంతోపాటు ఒక షరతు కూడా వచ్చింది. బతికున్నంత కాలం అనుభవించాలే తప్ప అమ్మడానికి వీల్లేదు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని అని అందులోని 14వ సెక్షన్ చెప్పింది. తులశమ్మ కొంత ఆస్తిని కౌలుకిచ్చారు, కొంత అమ్మారు. ఆ హక్కు ఆమెకు లేదంటూ భర్త సోదరుడు దావా వేశారు. హైకోర్టు కూడా ఆయన వైపే నిలిచింది. చివరికి 1977 మార్చిలో సుప్రీంకోర్టు తులశమ్మ పక్షాన తీర్పు చెప్పింది. భార్యకు మనోవర్తి పొందే హక్కు ముందునుంచీ ఉన్నదే, అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, కాబట్టి జీవితకాలపు షరతు చెల్లదని తేల్చింది. భర్త పోయిన నలభై ఆరేళ్లకు ఆమె ఆస్తి నిజంగా ఆమెదైంది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతిలో ఇస్తున్న ఈ ఉపన్యాసం తులశమ్మ దగ్గర మొదలు కావడం న్యాయమే. రాజమండ్రిలో పుట్టి రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి, హిందూ కోడ్ బిల్లుకు అండగా నిలిచినవారిలో ఒకరు. ఆ బిల్లు ముందుకు సాగకపోవడంతో 1951లో అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత అది ముక్కలు ముక్కలుగా చట్టాలైంది. కానీ పుట్టుకతో వచ్చే ఉమ్మడి ఆస్తి హక్కు మాత్రం కొడుకులకే మిగిలింది.

ఆ తలుపు తెరిచిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ పుట్టుకతోనే సమాన వాటా ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవారికి అది వర్తించలేదు. ఒకే ఇంట్లో 1984లో పెళ్లయిన అక్కకు వాటా లేదు, మరుసటి ఏడాది చివర్లో పెళ్లయిన చెల్లెలికి ఉంది. ఆ అక్కలకు న్యాయం జరగడానికి 2005 నాటి కేంద్ర సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసుతో గానీ తీరలేదు. అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. షెడ్యూల్డ్ తెగల స్త్రీలకు నేటికీ ఈ చట్టం నేరుగా వర్తించదు.

చట్టం ఇంత దూరం వచ్చినా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో జరిగేది వేరు. తండ్రి పోయాక అన్నదమ్ములు ఆడపడుచును పిలిపిస్తారు. డాక్యుమెంట్ రైటర్ హక్కు విడుదల పత్రం సిద్ధం చేసి ఉంచుతాడు. ‘కట్నం ఇచ్చాం కదా’, ‘పసుపు కుంకుమల కింద పెట్టాం కదా’ అంటారు. నిజానికి ఆమెను ఒప్పించేది ఆ లెక్కలు కావు. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయమే ఆమె చేత సంతకం పెట్టిస్తుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. అత్తింట్లో కష్టమొస్తే తిరిగి వెళ్లడానికి ఆమెకు ఆ గడప ఒక్కటే దిక్కు. తన పేరున సెంటు భూమైనా లేకపోవడమే ఆమెను ఆ గడప మీద అంతగా ఆధారపడేలా చేసింది. ఈ విషచక్రం గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం లేదు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు సాగుచేస్తున్నవారిలో స్త్రీలు దాదాపు 14 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం 15-49 ఏళ్ల స్త్రీలలో 43.3 శాతం మందికి సొంతంగానో ఉమ్మడిగానో ఇల్లు లేదా భూమి ఉందని తేలింది. అదే సర్వేలో ఇంటి నిర్ణయాల్లో పాలుపంచుకుంటున్నామని వివాహితల్లో 88.7 శాతం మంది చెప్పారు. వినడానికి బాగుంది. కానీ అక్కడ అడిగినవి మూడే: తన వైద్యం, ఇంటికి పెద్ద కొనుగోళ్లు, బంధువుల ఇళ్లకు వెళ్లడం. పొలం అమ్మాలా, తాకట్టు పెట్టాలా, పత్తి వేయాలా, బోరు వేయాలా అన్నవి ఆ లెక్కలో లేవు. పల్లెల్లో కుటుంబాలు నిలబడేదీ కూలిపోయేదీ ఈ నిర్ణయాల మీదే.

పేరు కాగితం మీద ఉన్నంత మాత్రాన ఏమొస్తుందని అడిగేవారున్నారు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4 వేల రూపాయలు పట్టాదారు పేరునే వచ్చాయి. 5 లక్షల రైతుబీమా కూడా పట్టాదారుకే. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసిన స్త్రీ చనిపోతే, పాసుపుస్తకంలో ఆమె పేరు లేకపోతే, ఆ ఇంటికి బీమా రాదు. ప్రభుత్వం దృష్టిలో ఆమె రైతే కాదు.

కేరళలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం ఇంకో కోణం చూపింది. ఇల్లూ భూమీ రెండూ లేని వివాహితల్లో 49 శాతం మంది దీర్ఘకాలంగా భర్త చేతిలో దెబ్బలు తిన్నామన్నారు. భూమి ఉన్నవారిలో అది 18 శాతం, ఇల్లున్నవారిలో 10, రెండూ ఉన్నవారిలో 7. ఇంట్లో మాట చెల్లడం సంగతి అలా ఉంచి, ఒంటి మీద చెయ్యి పడకుండా ఉండటానికీ ఆస్తితో సంబంధం ఉందన్నమాట.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళల అనుభవం ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. బీడుపడిన ఎర్రనేలలను కలిసి కౌలుకు తీసుకుని బాగుచేసుకున్నారు. ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సజ్జ, అలసంద కలిపి విత్తుతారు. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, మట్టితో మూతి మెత్తుతారు. ఏ గింజ ఎవరికివ్వాలో, ఏది మళ్లీ విత్తాలో ఆ ఇల్లాలే చెబుతుంది. విత్తనం ఆమె చేతిలో ఉంది కాబట్టి ఏ పంట వేయాలన్నదీ ఆమెనే అడుగుతారు.

ఇప్పుడు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేసే ముందు, వదులుకుంటున్న వాటా మార్కెట్ విలువెంతో ఆడపడుచుకు అన్నదమ్ములు లేని గదిలో అధికారి చదివి వినిపించాలి. ఆమె ఆలోచించుకోవడానికి నెల రోజుల గడువివ్వాలి. విరాసత్ (వారసత్వ మార్పిడి) దరఖాస్తులో కూతుళ్ల పేర్లు రాయకపోతే దాన్ని వెనక్కి పంపాలి. భర్త పేరున ఉన్న సాగుభూమిలో భార్య పేరు చేర్చడానికి ఏ రుసుమూ లేకుండా చేయాలి. వీటిలో కొన్నింటికైనా కొత్త చట్టం అక్కర్లేదు, మండల స్థాయిలో అమలు చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వులు చాలు.