గణన రసాయనశాస్త్రమును వృత్తిగా గైకొనుటను గూర్చి



ఈ మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు నన్ను కోరిరి. విద్యయనగానే మన సభలలో వైద్యమును, ఇంజనీరింగును, ఇటీవల కంప్యూటరు కొలువులును ప్రస్తావనకు వచ్చును. వాని యోగ్యతను నేను కాదనను. అయితే నేను చిరకాలముగా బోధించుచున్న విద్య వేరొకటి కలదు. దాని పేరు చెప్పినచో, రసాయనశాస్త్రమున కంప్యూటరునకు పనియేమి, గాజుకుప్పెలు కరవైనవా యని మన పెద్దలు నవ్వుదురు. ముందుగా ఆ ప్రశ్నకు సమాధానము చెప్పి, పిమ్మట మన విద్యార్థి వసతిగృహమును గూర్చి యొక మనవి చేసికొందును.

సున్నము ఉడుకుటను చూచిన పెద్ద లీ సభలో ననేకులు గలరు. కాల్చిన సున్నపురాతిపై నీరు పోయగానే అది బుసబుస పొంగి, ఆవిరి గ్రక్కి, పొడియై పోవును. అందు జరుగున దేమి? నీటి యణువున నొక ఆక్సిజనును రెండు హైడ్రోజనులును బంధింపబడి యున్నవి. అందొక హైడ్రోజను తన బంధమును వీడి, సున్నమునందలి ఆక్సిజనును చేరును. క్రొత్తబంధము లేర్పడుటలో వెలువడు శక్తియే ఆ వేడిమి. ఈ తెగుటయు అతుకుటయు ఎంత స్వల్పకాలమున జరుగునో కొలుచుటకు ఫెమ్టోసెకండను మానము కలదు. సెకండును నూరుకోట్ల భాగములు చేసి, అందొక భాగమును మరల పదిలక్షలు చేసినచో వచ్చునది ఫెమ్టోసెకండు. అంతటి కాలమున ప్రతి పరమాణువు నడకయు కంటికి చిక్కదు. లెక్కకు మాత్రము చిక్కును.

ఆ లెక్క తీరు వినుటకు సులభమే. ప్రతి పరమాణువును ఇరుగుపొరుగు పరమాణువులు ఎంత బలముతో లాగునో, త్రోయునో కట్టవలెను. ఆ బలమును బట్టి రవ్వంత కాలము గడచిన పిదప అది యెచ్చట నుండునో న్యూటను సూత్రముచే నిర్ణయింపవలెను. మరల బలము, మరల స్థానము. ఇట్లు లక్షలమారులు చేయవలెను. మనుష్యుడు చేయ జాలడు, యంత్రము విసుగు చెందదు.

ఈ మార్గమును తీర్చిన మహనీయులలో అగ్రగణ్యు డొకరు ఈ హైదరాబాదు నగరముననే 1927వ సంవత్సరమున జన్మించిరి. ఆయన అనీసుర్ రహమాన్ గారు. మన కులమువారు కారు. కాని మన యూరివారు. కేంబ్రిడ్జిలోను, బెల్జియము దేశమందలి లూవెన్‌లోను చదివి, తిరిగివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించి, 1960లో అమెరికాయందలి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు వెడలిరి. అచ్చట 1964లో, ద్రవరూపమున నున్న ఆర్గాను వాయువునుండి 864 పరమాణువులను మాత్రము లెక్కలో నుంచి, వాని కదలికలను యంత్రముచే గణింపజేసిరి. 864 పరమాణువులకు జతలు 3,72,816. దూరముననున్న జతలను విడిచినను, ఆనాటి యంత్రమునకు అది కొండంత పని. అయినను ఆ కొద్ది పరమాణువుల లెక్కనుండి వెలువడిన ఫలితములు నిజమైన ద్రవముపై కొలిచిన కొలతలకు సరిపోయినవి. గుప్పెడు బియ్యము పట్టిచూచి బస్తాను తెలిసికొను వర్తకుని నేర్పిది.

1971లో ఆయనయు స్టిల్లింజర్ గారును 216 నీటి యణువులను తీసికొని నీటిని గణించిరి. ఆ నీటియందు అణువులు బిగుసుకొని యుండెను. తిరుగును, కదలును, కాని విరుగవు. అట్టి నీటిని సున్నముపై ఎంత పోసినను ఉడుకదు! ఈ లోపమును వారెరిగియే యుండిరి. 1975లో లెంబర్గ్ గారితో గూడి, ఆక్సిజనును హైడ్రోజనులను వేర్వేరుగ లెక్కించి, అణువు విడివడుటకు వీలుగల నమూనాను పరీక్షించిరి. పరినెల్లో గారితో కలసి, స్ఫటికము ఒత్తిడికి లోనై తన యాకృతినే మార్చుకొను విధమును 1980, 1981లలో గణనకు తెచ్చిరి. 1985లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1987లో దివంగతులైరి. అమెరికా భౌతికశాస్త్ర సంఘమువారు గణన భౌతికశాస్త్రమునకై ఆయన పేర బహుమాన మిచ్చుచున్నారు. ఆయన పుట్టిన యూరిలో ఆయన పేరు తెలిసిన విద్యార్థు లెందరో నేను చెప్పనక్కరలేదు.

బంధము తెగుటను నమ్మకముగ గణించుటకు ఎలక్ట్రానులను గూడ లెక్కలోనికి తేవలెను. 1985లో కార్, పరినెల్లో గారలు ఆ త్రోవ చూపిరి. అది మిక్కిలి ఖరీదైన త్రోవ; కొన్నివందల పరమాణువులకే యంత్రము అలసిపోవును. కావున 2001లో వాన్ డుయిన్, దాస్‌గుప్తా, లోరాన్, గొడ్డార్డ్ గారలు వేరొక యుపాయము ప్రకటించిరి. దానిపేరు రియాక్స్-ఎఫ్.ఎఫ్. రెండు పరమాణువుల మధ్య దూరమును చూచి బంధము ఎంత గట్టిదో ప్రతి యడుగునందును క్రొత్తగ నిర్ణయించుట దాని కీలకము. దూరము పెరిగినకొలది బంధము సన్నగిల్లి తెగును. దగ్గరైన క్రొత్తది మొలచును. మొదట హైడ్రోకార్బనులకు చెప్పిన ఈ విధానము నేడు ఇంధనములు మండుటకును, లోహములు త్రుప్పుపట్టుటకును, బ్యాటరీలకును, సిమెంటునకును వినియోగపడుచున్నది. ఒక్కొక్క యడుగు ఫెమ్టోసెకండులో పావువంతు. సెకండున నూరుకోట్లవ వంతు కాలమును నడుపవలెనన్న 40 లక్షల యడుగులు!

ఇచ్చట నొక హెచ్చరిక. యంత్రము ఏ ప్రశ్నకైనను సమాధానము చెప్పును. తప్పు సమాధానమునుగూడ రంగుల బొమ్మలతో చెప్పును. ఏ పదార్థములపై సూత్రములను సరిచూచితిరో వాని కావల వానిని నమ్మరాదు. ఈ వివేచన గల విద్యార్థి యే రసాయనజ్ఞుడు. తక్కినవాడు మీట నొక్కువాడు. ఆ వివేచన ఆరుమాసముల శిక్షణలో రాదు.

ఇక వృత్తి మాట. ఎం.ఎస్సీ. పిమ్మట పరిశోధనపట్టమునకు సుమారు అయిదేండ్లు, ఆపై తరచుగా పరదేశమున రెండుమూడేండ్లు. పిమ్మటగాని ఆచార్యపదవికి అర్హత కుదురదు. జాతీయ పరీక్షయందు గెలిచినవారికి 2023 జనవరి మొదలు నెలకు 37,000 రూపాయల భృతి యేర్పడినది, అది చాలినదే. ఖరీదైన గాజుసామాను అక్కరలేదు. పరమ్ సేవ యను మహాయంత్రము మన హైదరాబాదు ఐ.ఐ.టి.యందే కలదు. చిక్కెల్ల ఎం.ఎస్సీ. ముగిసిన దినమునకును, ఆ భృతి చేతికందు దినమునకును నడుమనున్న యేడాదిలోనే యున్నది. ఆ యేడాది గది యద్దెయు భోజనమును ఎవరిత్తురు? తండ్రి వ్యవసాయదారుడైనచో, వచ్చిన మొదటి కొలువులో చేరుమనును, అతనిని తప్పుపట్టలేము. ఆడపిల్లయైనచో ఆ యేడాదిలోనే సంబంధములు వచ్చును.

మన వసతిగృహ నిబంధన ప్రకారము పరీక్ష ముగిసిన ముప్పదిదినములలో గది ఖాళీచేయవలెను. ఆ నిబంధన వ్రాసిన పెద్దలు అప్పటి యవసరమును బట్టి వ్రాసిరి, సబబే. పరిశోధన ప్రవేశపరీక్షకు కూర్చుండువారికి, ఏటికి నలుగురికి మించకుండ, ఇద్దరు బాలికలకు తగ్గకుండ, మరియొక యేడాది గదియు భోజనమును ఉచితముగ నిచ్చునట్లు సవరింపుడని కోరుచున్నాను. శాస్త్రమేదైనను సరే, నా శాస్త్రమే కానక్కరలేదు. ఇందుకగు వ్యయపు అంచనాను కోశాధికారిగారికి వ్రాతమూలముగ నిచ్చియున్నాను. రేపటి సర్వసభ్యసమావేశమున ఈ సవరణను ప్రతిపాదించుటకు అధ్యక్షులవారి యనుమతి వేడుచు సెలవు గైకొనుచున్నాను.