వృద్ధసేవకు అనుమతిపత్రం ఎందుకు?

(దేవాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి లిఖితరూపం)



వేదోపనిషత్తులపై అధికారంతో ప్రసంగించగల పెద్దలు ఈ వేదికపై ఆసీనులై ఉండగా, లైసెన్సులు, ఆడిట్లు, ప్రభుత్వ నిబంధనలు అనే పొడి విషయంపై మాట్లాడమని కార్యవర్గం నన్ను ఆదేశించింది. దీనికి కారణం ఒక చిన్న సంభాషణ. గత కార్తిక మాసంలో అన్నప్రసాదం పంక్తిలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, "అమ్మాయీ, నాకు స్నానం చేయించడానికి మనిషిని పంపాలంటే కాన్‌బెర్రా నుంచి అనుమతి రావాలా? మా నాన్నగారికి నేను చేయించినప్పుడు ఎవరూ ఏ కాగితమూ అడగలేదే!" అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. పాయసం వడ్డిస్తున్న సమయంలో చట్టం చెప్పడం భావ్యం కాదనిపించింది. ఆ రోజు ఇవ్వని సమాధానం ఇప్పుడు మీ అందరికీ మనవి చేస్తున్నాను.

నేను 2020లో ఒక గృహసంరక్షణ సంస్థ ఫ్రాంచైజీని తీసుకున్నాను. ఫ్రాంచైజీ అనగానే మనవారు కాఫీ దుకాణాన్నో, పిజ్జా దుకాణాన్నో ఊహించుకుంటారు. పేరు వారిది, పొయ్యి మనది. ఇక్కడ పొయ్యి ఉండవలసిన చోట ఒక వృద్ధుని దేహం ఉంటుంది. ఆ తేడా నాకు మొదట్లో తెలియలేదు. సంతకం చేయడానికి కనీసం 14 రోజుల ముందు వెల్లడిపత్రం చేతికి ఇవ్వాలని ఈ దేశపు ఫ్రాంచైజింగ్ నియమావళి శాసిస్తుంది. నాకూ ఇచ్చారు. లావుపాటి ఆ పత్రంలో రుసుములు, ప్రాంతపు సరిహద్దులు, ప్రకటనల నిధి అన్నీ చదివాను. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సేవలకు అనుమతి ఎవరి పేరున ఉంటుందన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. కొన్ని ఫ్రాంచైజీలలో ఆ అనుమతి మాతృసంస్థ పేరున ఉండి, స్థానిక యజమాని దాని కింద పనిచేస్తాడు. మరికొన్నింటిలో ఎవరి అనుమతి వారే సంపాదించుకోవాలి. నాది రెండవ రకం. పేరు అద్దెకు దొరుకుతుంది, అనుమతి దొరకదు అన్న సంగతి డబ్బు కట్టిన తరువాత గ్రహించాను. మీలో ఎవరైనా ఇటువంటి వ్యాపారం ఆలోచిస్తూ ఉంటే మొట్టమొదట ఈ ప్రశ్న అడగండి. సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి ఇప్పుడు 14 రోజుల గడువు ఉన్నది, అది కూడా గుర్తుంచుకోండి.

ఇంకొక విచిత్రం కూడా చెప్పాలి. కుటుంబం తన సొంత డబ్బుతో మనిషిని పెట్టుకుంటే, ఆ సేవకు వృద్ధసంరక్షణ చట్టం కింద ఎటువంటి అనుమతీ అక్కరలేదు. ప్రభుత్వ సహాయధనం ఒక్క డాలరు కలిసిందంటే చట్టమంతా వెంట వస్తుంది. మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కన్నబిడ్డలను బాధ్యులను చేసింది. ఇక్కడి చట్టం ప్రధానంగా సేవ చేసే సంస్థ వైపు చూస్తుంది. రెండు సమాజాల స్వభావం ఇందులోనే తెలిసిపోతుంది.

ఇంత కాఠిన్యం ఎందుకు వచ్చిందో తెలియాలంటే 2018 అక్టోబరుకు వెళ్ళాలి. వృద్ధసంరక్షణపై ఆనాడు రాయల్ కమిషన్ నియమితమైంది. మరుసటి సంవత్సరం అక్టోబరు 31న వెలువడిన దాని మధ్యంతర నివేదికకు పెట్టిన పేరు ఒకే ఒక మాట, నిర్లక్ష్యం. 2021 మార్చి 1న పార్లమెంటు ముందుకు వచ్చిన తుది నివేదికలో 148 సిఫారసులు ఉన్నాయి. పాత 1997 చట్టం స్థానంలో, వృద్ధుల హక్కులు పునాదిగా కొత్త చట్టం రావాలన్నది వాటిలో మొదటిది. ఆ చట్టం 2024లో ఆమోదం పొంది, ఒకసారి వాయిదాపడి, 2025 నవంబరు 1న అమలులోకి వచ్చింది. ఇప్పుడు సంస్థలన్నీ ఆరు వర్గాలుగా నమోదవుతాయి. ఇల్లు ఊడ్చి, తోట కత్తిరించే సంస్థ మొదటి వర్గంలో ఉంటుంది. స్నానం చేయించడం, దుస్తులు మార్చడం వంటి శరీరసేవ నాలుగవది. నర్సింగు సేవ అయిదవది. నాలుగవ వర్గం నుంచి పైవారందరూ నాణ్యతా ప్రమాణాలపై ఆడిట్‌కు నిలబడాలి. కనుక ఆ పెద్దాయన అనుమానం నిజమే. గడ్డి కోయడానికి ఒక తూకం, ఆయన వీపు రుద్దడానికి మరొక తూకం. నాకైతే అది న్యాయంగానే తోస్తుంది.

న్యాయమని నేను తేలికగా అనడం లేదు. 2021లో ఒక తప్పు చేశాను. మన దేవాలయంలో అందరికీ తెలిసిన, చేయి మంచిదని పేరున్న ఒక ఇల్లాలు పనికి వస్తానన్నది. పోలీసు ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాము, అది ఇంకా రాలేదు. ప్రథమచికిత్స శిక్షణ కూడా పూర్తికాలేదు. ఒక ఇంట్లో అత్యవసరమైంది. "మనమనిషే కదా" అనుకుని పంపాను. స్నానాల గదిలో ఆ వృద్ధుడు జారిపడ్డారు. ఆమె భయపడి 000కు కాక నాకు ఫోన్ చేసింది. నేను ఫోన్ ఎత్తేసరికి పావుగంట గడిచింది. తుంటి ఎముక విరిగింది. ధ్రువపత్రం వారం తరువాత ఏ మచ్చా లేకుండా వచ్చింది గాని, శిక్షణ లేని మనిషిని పంపినందుకు బీమావారు మొహం తిప్పుకున్నారు. ఖర్చు నేనే భరించాను. ఆ కుటుంబం నన్ను పల్లెత్తు మాట అనలేదు. అది నన్ను మరింత బాధించింది. ఆనాటి నుంచి మా కార్యాలయంలో "మనమనిషే" అన్న మాట నిషిద్ధం. మూడేళ్ళు దాటిన పోలీసు పత్రం ఉన్నా, నా సొంత ఆడపడుచునైనా పంపను.

ఇక డబ్బు సంగతి. కొత్త చట్టంతోపాటే హోమ్ కేర్ ప్యాకేజీల నాలుగు అంచెలు పోయి, సపోర్ట్ ఎట్ హోమ్ పేరుతో ఎనిమిది తరగతులు వచ్చాయి. నర్సింగు, ఫిజియోథెరపీ వంటి వైద్యసేవకు మీరు చెల్లించవలసినది ఏమీ లేదు. పథకం 2025లో మొదలైనప్పుడు స్నానం వంటి సేవకు పూర్తి పింఛనుదారు 5 శాతం, ఇల్లు శుభ్రం చేయడం వంటి పనులకు 17.5 శాతం కట్టాలని నిర్ణయించారు. పింఛను లేని సంపన్నులకు అవే 50, 80 శాతాలు. అయితే 2024 సెప్టెంబరు 12 నాటికే ప్యాకేజీ అందుకుంటున్నవారికి, లేదా ఆనాటికే మంజూరైనవారికి, మునుపటికంటే భారం పెరగకూడదని రక్షణ కల్పించారు.

ఈ తేదీ మన దేవాలయ వరండాలోనే ఒక గీత గీసింది. ప్రతి శనివారం పక్కపక్కన కూర్చుని విష్ణుసహస్రనామం పారాయణ చేసే ఇద్దరు స్నేహితులున్నారు. ఇద్దరికీ పూర్తి పింఛనే. ఒకరికి 2023లో మంజూరైంది, ఆయనకు భారం సున్న. రెండవవారికి 2025లో మంజూరైంది. గంటకు 100 డాలర్లనుకుంటే, వారానికి మూడు స్నానాలకు 15 డాలర్లు, ఒకసారి ఇల్లు తుడిచినందుకు 17 డాలర్ల 50 సెంట్లు. ఆయన నాతో ఏమీ వాదించలేదు. మూడు స్నానాలను ఒకటి చేయమన్నారు, అంతే. "చలికాలం కదమ్మా, సరిపోతుంది" అన్నారు. ఆ మొత్తం నేను వసూలు చేయకుండా వదిలివేయవచ్చు, కాని ప్రభుత్వం తన వాటాను పెంచదు. ఒక్కరికైతే భరిస్తాను, అందరికీ భరిస్తే జీతాలు ఇవ్వలేను. ఆర్థికంగా ఇబ్బంది ఉన్నవారు సర్వీసెస్ ఆస్ట్రేలియాకు మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చునని చెప్పి, ఆ ఫారాన్ని ఆయన కుమార్తెతో కలిసి నింపాము. అడగడం నామోషీ అనుకుని ఆగిపోయేవారు మనలో ఎక్కువ. మీ పెద్దలు హఠాత్తుగా "నాకు అంత అవసరం లేదులే" అంటే, ఆ మాట వెనుక బిల్లు ఏమైనా ఉన్నదేమో విచారించండి.

చివరిగా, నన్ను ఇప్పటికీ కలవరపెట్టే ఒక విషయం చెబుతాను. 2022 డిసెంబరు 1 నుంచి, ఇళ్ళలో సేవ పొందేవారి విషయంలో కూడా తీవ్రమైన సంఘటనలను కమిషన్‌కు నివేదించడం తప్పనిసరి. పోలీసులకు చెప్పదగినంత విషయమైతే 24 గంటలలో నివేదించాలి, అంత తీవ్రం కాని వాటికి 30 రోజులు. సిబ్బంది చేసిన దొంగతనం కూడా ఆ జాబితాలో ఉన్నది.

ఒకనాటి ఉదయం ఒక పిన్నిగారు తమ రెండు బంగారు గాజులు కనబడడం లేదన్నారు. ఆ ఇంటికి వెళ్ళే అమ్మాయి తెలుగు విద్యార్థిని. పక్షానికి 48 గంటలకు మించి పనిచేయడానికి వీసా ఒప్పుకోని పరిస్థితిలో, గంటలు లెక్కపెట్టుకుంటూ చదువుకుంటున్న పిల్ల. పిన్నిగారి కుమారుడు, "పోనీయండి, దేవాలయంలో నలుగురికీ తెలిస్తే ఇద్దరి పరువూ పోతుంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. కాని పరువు కోసం దాచిపెట్టే అధికారం చట్టం నాకు ఇవ్వలేదు. పైగా, ఒకవేళ గాజులు నిజంగా పోయి ఉంటే, రేపు మరొక ఇంట్లో పోయేదానికి నేనే కారకురాలిని. ఆ సాయంత్రమే నివేదించి, విచారణ ముగిసేవరకు ఆ అమ్మాయిని పని నుంచి తప్పించాను.

నాలుగవనాడు కోడలు గారెలకు పప్పు నానవేయబోతే, మినప్పప్పు డబ్బా అడుగున గుడ్డలో చుట్టిన గాజులు దొరికాయి. దొంగల భయంతో పిన్నిగారే దాచి మరచిపోయారు. అదే గంటలో కమిషన్‌కు తెలియజేశాను. చేయవలసిన పని చేయవలసిన గడువులో చేశాను. నా కాగితాలలో వెతికినా తప్పు కనబడదు. ఆ అమ్మాయి మాత్రం నా ఎదుట కూర్చుని, "అక్కా, నా పేరు అక్కడ ఇక ఎప్పటికీ ఉంటుందా? వీసాకు అడ్డు వస్తుందా?" అని అడిగింది. ఆరోపణ నిలబడలేదని విచారణ ముగింపు పత్రం వ్రాసి, ఒక ప్రతి ఆమె చేతిలో పెట్టాను. పని లేని నాలుగు రోజులకూ జీతం ఇచ్చాను. ఆమె మళ్ళీ మా వద్దకు రాలేదు. ఈ దేవాలయానికి కూడా రావడం లేదు. పిన్నిగారు మాత్రం ప్రతి పండుగకూ ఆ పిల్ల ఎక్కడున్నదని నన్ను అడుగుతూనే ఉంటారు. మీ ఇంటికి వచ్చే పిల్లలపై అనుమానం కలిగితే మాకు తప్పక చెప్పండి. చెప్పేముందు పప్పుడబ్బాలు మాత్రం ఒకసారి వెతకండి.

అంచనా కోసం పిలవవలసినది మై ఏజ్డ్ కేర్, నంబరు 1800 200 422. ఆంగ్లంలో మాట్లాడలేనివారు ముందుగా 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని కోరండి. సంతానాన్ని మధ్య పెట్టనక్కరలేదు, కొన్ని విషయాలు బిడ్డల ఎదుట చెప్పడం కష్టం కూడా. ఒప్పందపత్రాన్ని అర్థం కాకుండా సంతకం చేయకండి, అది మా సంస్థదైనా సరే. కార్యవర్గం వారి అనుమతితో ప్రతి నెల మొదటి ఆదివారం, అన్నప్రసాదం ముగిశాక, గ్రంథాలయం గదిలో కూర్చుంటాను. మీకు వచ్చిన ఉత్తరాలు తెచ్చుకోండి, కలిసి చదువుదాము. కళ్ళజోడు మరచిపోకండి.